రంగుల చక్రంలో అంకె పెరిగితే పరిశోధన గొప్పదైనట్టా?

కొత్త పీజీ: మా కళాశాలలో ఉత్తమ పరిశోధన బహుమతికి ఈ ఏడాది నుంచి ఆల్ట్‌మెట్రిక్ అంకె, అంటే వ్యాసం గురించి వార్తల్లో, బ్లాగుల్లో, ట్వీట్లలో ఎంత చర్చ జరిగిందో చూపే అంకె కూడా చూస్తారట. జర్నల్ పేజీలో వ్యాసం పక్కన రంగుల చక్రం ఉంటుంది కదా, దాని మధ్యలో వేసే అంకె. వార్తలకు ఎరుపు, బ్లాగులకు పసుపు, ట్వీట్లకు లేత నీలం. ఇది సబబేనా?

పాత స్టెతస్కోపు: కాదు. 2020 మే 22న లాన్సెట్ వైద్య పత్రికలో, కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు ప్రమాదమంటూ వచ్చిన వ్యాసం గుర్తుందా? 96,032 మంది రోగులు, 671 ఆసుపత్రులు అన్నారు. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగంలో ఆ మందును ఆపింది. ఆ రోగుల లెక్కలు అందించిన సర్జిస్ఫియర్ కంపెనీ అసలు సమాచారాన్ని పరిశీలనకు ఇవ్వలేదు. జూన్ 4న వ్యాసాన్ని ఉపసంహరించారు. ఆ రెండు వారాల్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నవారూ, ఏకిపారేసినవారూ కలిసే చక్రం తిప్పారు. పొగడ్తనూ తిట్టునూ ఒకే రాయితో తూచే తక్కెడ అది.

సిరి: పాత తక్కెడ, అంటే మిగతా పరిశోధకులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే సైటేషన్ల లెక్క, ఏమైనా బాగుందా? బ్రిటిష్ వైద్యుడు వేక్‌ఫీల్డ్ 1998లో పన్నెండు మంది పిల్లలను చూపించి టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. లాన్సెట్ దాన్ని ఉపసంహరించింది 2010లో. అప్పటికి ఆల్ట్‌మెట్రిక్ పుట్టనే లేదు. ఆ వ్యాసాన్ని ఖండిస్తూ ఉదహరించినవి కూడా సైటేషన్ల ఖాతాలోకే వెళ్లాయి. పైగా సైటేషన్లు రావాలంటే ఏళ్లు పడుతుంది. నర్సు చదువుతుంది, బిడ్డ తల్లి చదువుతుంది, వాళ్లు ఎవరినీ ఉదహరించరు.

లెక్కల మాస్టారు: ఒక సందేహం. ఒకే మనిషి పీడీఎఫ్‌ను రెండుసార్లు నొక్కితే రెండు డౌన్‌లోడ్లా?

రాత్రి డ్యూటీ: ఆ అంకెలో డౌన్‌లోడ్లు కలవవు మాస్టారూ. అవి వేరే లెక్క.

లెక్కల మాస్టారు: డౌన్‌లోడ్లను లెక్కపెట్టే కౌంటర్ ప్రమాణాల ప్రకారం 30 సెకన్లలోపు మళ్లీ నొక్కితే ఒకటే. మరి 31వ సెకనులో నొక్కితే?

పాత స్టెతస్కోపు: నా సంగతి చెబుతాను. పాముకాటు మీద నాలుగు వర్షాకాలాలు పనిచేసి రాశాను. అంకె 1. ఆ ఒక్కటీ మా మేనల్లుడి ట్వీటు. కానీ ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మా మోతాదు పట్టికను జిరాక్స్ తీసి, ఇంజక్షన్ల ఫ్రిజ్ తలుపుకు ప్లాస్టరుతో అంటించారు. అది ఏ రంగులో వస్తుంది?

సిరి: అంటే బాధ బహుమతి రాలేదని.

పాత స్టెతస్కోపు: అమ్మా, నా రిటైర్మెంటుకు ఎనిమిది నెలలు ఉంది. బహుమతి ఏం చేసుకోను? మీకు ప్రచార విభాగం ఉంది, మాకు జిరాక్స్ మిషను ఉంది.

సిరి: ప్రచార విభాగమా! గర్భిణుల రక్తహీనత మీద నా వ్యాసం గురించి తెలుగు పత్రికలు రాశాయి. ‘ఒక అధ్యయనంలో తేలింది’ అని రాసి వదిలేశాయి. జర్నల్ పేరు లేదు, లంకె లేదు. ఆశా కార్యకర్తలు వాట్సాప్‌లో పంచుకున్నారు, అదీ లెక్కలోకి రాదు. నాకు వచ్చిన 84 అంతా ఇంగ్లిషు పత్రికల పుణ్యం. మన ఊళ్లలో చదివినవాళ్లు మీ చక్రంలోనూ లేరు, నా చక్రంలోనూ లేరు.

పాత స్టెతస్కోపు: నేనూ అదే కదా అంటున్నది.

సిరి: మీరు అంటున్నది ఎవరూ లెక్కపెట్టవద్దని. నేను అంటున్నది వాళ్లనూ లెక్కపెట్టమని.

పాత స్టెతస్కోపు: లెక్క ఎందుకమ్మా? బహుమతి ఇచ్చేవాళ్లు వ్యాసం తెరిచి చదివితే చాలదా? చదవలేకే అంకె అడుగుతున్నారు.

లెక్కల మాస్టారు: 31వ సెకను సంగతి ఎవరూ చెప్పలేదు.

నిశ్శబ్ద సభ్యుడు: నేను ఆ బహుమతి కమిటీలో ఉన్నాను. నలభై రెండు వ్యాసాలు, వారం గడువు, మధ్యలో ఓపీ. సారాంశాలు చదివాను. కొన్నిటికి అదీ లేదు.

సిరి: సార్, నా వ్యాసం మూడో పట్టికలో రెండు వరుసలు తారుమారయ్యాయి. తప్పు పట్టుకుని సవరణ పంపింది నేనే. ఆ 84లో ఒక్కరూ అడగలేదు.

పాత స్టెతస్కోపు: వ్యాసం లంకె పెట్టండి. ఈ రాత్రికి చదువుతాను.