పాత ట్రాక్టరు ఆయిలు తాగుతోంది: రింగులా, వాల్వులా?

ప్రశ్న: బెంగళూరు దగ్గర హోసకోటలోని మా తోటలో ఉన్న పాత డీజిల్ ట్రాక్టరుకు బయట ఎక్కడా కారకపోయినా ఆయిలు తగ్గుతోంది, నాగలి లోతుగా దిగినప్పుడు నీలిపొగ వస్తోంది. ఇంజను విప్పకముందే కారణం తెలుసుకోవచ్చాండీ?

జవాబు: ఉదయం స్టార్టు చేయగానే గుప్పుమని వచ్చి ఆగిపోయే పొగైతే వాల్వు గైడ్లను (వాల్వు కాడలు కదిలే గొట్టాలను) అనుమానించాలి గానీ, మీరు చెప్పినట్టు లోడు మీద ఆగకుండా వస్తుంటే రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే కట్లు), లైనర్లు (సిలిండరు లోపలి తొడుగులు) అరిగి ఉండవచ్చు. బ్రీదర్ గొట్టం (ఇంజను లోపలి గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గాలి బలంగా తన్నుతుంటే అనుమానం బలపడుతుంది.

మరో జవాబు: ఇంజనులోకి వెళ్ళే గాలిని వడకట్టే ఎయిర్ క్లీనర్ గిన్నెలో గీత దాటి ఆయిలు నింపినా నీలిపొగ వస్తుంది. అయితే దానివల్ల డిప్‌స్టిక్కు (ఇంజను ఆయిలు కొలిచే పుల్ల) మీద మట్టం తగ్గదు.

ఇంకో జవాబు: కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి) కొలిచి, సిలిండరులో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలవండి. ఆయిలు రింగుల సందులు మూయడంతో ఒత్తిడి పెరిగితే లోపం రింగులదే. డీజిల్ ఇంజనులో పిస్టన్‌పై ఖాళీ తక్కువ కనుక ఎక్కువ పోయవద్దు.