రెంబ్రాంట్ గీసిన మారాం పిల్లవాడు ఎవరింటివాడు?

ప్రశ్న (హనుమకొండ):
డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1635 ప్రాంతంలో గోధుమరంగు సిరాతో గీసిన, ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న బొమ్మలో, తల్లి చేతుల్లో గింజుకుంటున్న పిల్లవాడి చెప్పు ఒకటి జారిపోతుండగా, పక్కన ముసలమ్మ వేలు చూపి గద్దిస్తున్నది. ఇది ఆయన సొంత ఇంటి దృశ్యమేనా?

జవాబు (కాజీపేట):
కాదండీ. సాస్కియాతో ఆయన పెళ్లి 1634లో జరిగింది. తొలి కొడుకు 1635 డిసెంబరులో పుట్టి, రెండు నెలలకే చనిపోయాడు. ఇంత బలంగా కాళ్లు ఝాడించే ఈడు పిల్లవాడు ఆ ఇంట్లో అప్పటికి లేడు.

జవాబు (కరీంనగర్):
ఆ ముసలమ్మను నాయనమ్మ అని మనమే అనుకుంటున్నాము. పనిమనిషి అయినా కావచ్చును. వెనుక నుంచి తొంగిచూస్తున్న ఇద్దరు పిల్లలను గమనించారా? తమ్ముడికి తిట్లు పడుతుంటే మా ఇంట్లోనూ అదే చూపు.

ప్రశ్న అడిగినవారు:
తేదీలు చూడకుండానే నేను సాస్కియాను తల్లిని చేసేశాను.