‘అవ్వయైన లోయి’లో అవ్వ ఎవరు?

సంక్రాంతి సెలవులకు భీమవరం దగ్గర మా ఊరు వెళ్లి మామ్మ దగ్గర వారం రోజులు ఉన్నాను. ఆవిడకి 86 ఏళ్లు. చూపు తగ్గి బైబిల్ చదువుకోలేకపోతోంది. అందుకని రోజూ పొద్దున్నే నేను చదివి వినిపించాను. పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన ఉత్తరం, రెండో తిమోతి పత్రిక 1:5 దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

“ఆ విశ్వాసము మొదట నీ అవ్వయైన లోయిలోను నీ తల్లియైన యునీకేలోను వసించెను, అది నీయందు సహ వసించుచున్నదని నేను రూఢిగా నమ్ముచున్నాను.”

‘సహ’ని నేను అలవాటుగా ‘కూడా’ అని చదివేశాను. “సహ అని ఉంటుందమ్మా, మళ్లీ చదువు” అంది, కళ్లు మూసుకునే.

మామ్మ బడికి వెళ్లలేదు. పెళ్లయ్యాక బైబిల్ ఉమన్ (ఇళ్లకు వెళ్లి బైబిల్ నేర్పే సేవకురాలు) ఒకావిడ సాయంత్రాలు ఇంటికొచ్చి అక్షరాలు దిద్దించిందట. అందుకే కూరలమ్మాయితో మాట్లాడేటప్పుడు కూడా ఆవిడ నోట ‘రూఢిగా’ అని వస్తుంది. ‘ఎడతెగక’ అనే మాట నేను విన్నదీ, ప్రార్థన చేయడం నేర్చుకున్నదీ ఆవిడ మంచం పక్కనే.

నా సందేహం ఇదీ. మా వైపు ఇళ్లలో ‘అవ్వ’ అని పిలవం. మామ్మ, అమ్మమ్మ అంటాం. ఇక్కడ అవ్వ ఎందుకు వచ్చింది? లోయి తిమోతికి అమ్మమ్మా, నాన్నమ్మా?

జవాబు (కడప నుంచి): మా ఇంట్లో అవ్వే అండీ. అవ్వాతాతల దగ్గరికి పోతున్నామంటాం. నాన్నమ్మను విడిగా చెప్పాలంటే జేజి. ఈ వచనం చదివితే నాకు మా ఇంటి మాటే వినిపిస్తుంది.

జవాబు (కరీంనగర్ నుంచి): మా దిక్కు అవ్వ అంటే కన్నతల్లి అక్కా. సండే స్కూల్ల ఈ వచనం కంఠస్థం చేసినప్పుడు అవ్వ, తల్లి ఒక్కరే అనుకున్న. నాకు ఆ వచనం నేర్పింది మా అవ్వనే. ఆమె మంచాన పడి రెండేండ్లయింది. ఇప్పుడు నేను చదువుతుంటే వింటది.

జవాబు (కొంత గ్రీకు చదువుకున్నాను): గ్రీకు మూలంలో ఉన్న మాట ‘మమ్మే’. కొత్త నిబంధన మొత్తంలో ఇది ఈ ఒక్కచోటే వస్తుంది. మొదట పిల్లలు తల్లిని పిలిచే ముద్దుమాట, తర్వాత అవ్వకు స్థిరపడింది. గోదావరి ‘మామ్మ’తో చుట్టరికం లేదు, పసినోటి పలుకులు ఎక్కడైనా అలాగే ఉంటాయి.

అసలు విషయం, ఆ మాట తల్లి వైపో తండ్రి వైపో చెప్పదు. అపొస్తలుల కార్యములు 16:1లో తిమోతి తల్లి విశ్వాసురాలైన యూదురాలనీ, తండ్రి గ్రీసు దేశస్థుడనీ ఉంది కాబట్టి లోయి అమ్మమ్మే అయి ఉంటుందని చాలామంది తలుస్తారు. వచనం మాత్రం ఆ మాట అనదు. ‘అమ్మమ్మ’ అని రాస్తే మూలంలో లేనిది చేర్చినట్టు. ‘అవ్వ’ రెండు వైపులకూ సరిపోతుంది. నా దృష్టిలో ఇంతకంటే మంచి మాట దొరకదు.

ఇంకొకటి. ‘వసించెను’కు మూలంలో ఉన్న క్రియే కొలొస్సయి పత్రిక 3:16లో క్రీస్తు వాక్యం మీలో ‘నివసింపనియ్యుడి’ అన్నచోటా ఉంది. చుట్టంలా వచ్చిపోవడం కాదు, కాపురం ఉండటం. అయితే గ్రీకులో తిమోతి దగ్గరికి వచ్చేసరికి క్రియ మళ్లీ చెప్పరు, ‘నీలోనూ’ అని ఊరుకుంటారు. ‘వసించుచున్నదని’ పూరించింది తెలుగు అనువాదకులే.

మొదట అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. వీటిని మామ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. లోయికి ‘వసించెను’ అనీ, తిమోతికి ‘వసించుచున్నదని’ అనీ ఉండటం నాకు ఆ రోజు నుంచి గుచ్చుకుంటూనే ఉంది. మామ్మ గురించి ‘వసించెను’ అనడానికి నాకు నోరు రాదు. ఆ మాట ఆవిడతో అనలేదు. ‘కాపురం ఉండటం’ అన్నది మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

కరీంనగర్ చెల్లీ, మీ అవ్వ ఎలా ఉన్నారు? పేరు చెబితే ప్రార్థనలో పెట్టుకుంటానని మామ్మ అడగమంది.