అప్‌డేట్: 1976 లింకన్ మార్క్ 4 కొన్నాను

డాలస్‌లో అమ్మకానికి వచ్చిన ఈ పాత అమెరికన్ లగ్జరీ కారు, మార్క్ 4, నిజంగా నగల కంపెనీ కార్టియే పేరుతో వచ్చిన ఎడిషనేనా, లేక ఎవరైనా తర్వాత స్టిక్కర్ అంటించారా అని అడిగాను కదా. అసలుదే! మార్టీ రిపోర్ట్ (కారు ఫ్యాక్టరీలో ఎలా తయారైందో పాత రికార్డుల నుంచి తీసి ఇచ్చే పత్రం) తెప్పించాను, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందని తేలింది.

ఆ ఏడాది లింకన్ కంపెనీ బిల్ బ్లాస్, కార్టియే, జివాన్షీ, పూచీ అనే ఫ్యాషన్, నగల డిజైనర్ల పేర్లతో నాలుగు ఎడిషన్లు తెచ్చింది. నాది పావురం బూడిద రంగు. వెనక ఉన్న చిన్న ఓపెరా కిటికీ అద్దం మీద కార్టియే సంతకం చెక్కుచెదరలేదు. డాష్‌బోర్డు మీద బంగారు పూత రేకు కూడా ఉంది, దాని మీద మొదటి ఓనరు పేరు చెక్కి ఉంది. దాన్ని మార్చమని మా ఆవిడ పోరు. నేను మార్చను.

ఇంజన్ ఆపిన కాసేపటికి హెడ్‌లైట్ల మూతలు వాటంతటవే తెరుచుకుంటున్నాయని టెన్షన్ పడ్డాను. మూతల్ని మూసి పట్టుకునే వాక్యూమ్ (ఇంజన్ గాలిని పీల్చే బలం) లీకవుతోందన్నమాట. వాక్యూమ్ పోతే మూతలు తెరుచుకునేలానే డిజైన్ చేశారట. పగిలిన రబ్బరు గొట్టాలు మార్చాక రాత్రంతా మూసుకునే ఉంటున్నాయి.

7.5 లీటర్ల వీ8 మాత్రం పెట్రోలు మంచినీళ్లలా తాగుతోంది. పైగా 19 అడుగుల బండాయె, గ్యారేజీ తలుపు పడటం లేదు. ప్రస్తుతానికి బయటే, కవరు కప్పి ఉంచాను.