సిలిండర్ హెడ్‌లో వాల్వుల బిగింపు: సీలు ముందా, వాల్వు ముందా?

ప్రశ్న:
పదహారు వాల్వుల పెట్రోలు ఇంజను సిలిండర్ హెడ్‌ను విప్పి, ప్రతి వాల్వునూ దాని సీటు మీదే పేస్టుతో లాపింగ్ చేసి (రెండూ సరిగా అతికేలా రుద్ది), పేస్టు జాడ లేకుండా కడిగాను. కొత్త ఆయిల్ సీలును గైడుకు (వాల్వు కాడ జారే గొట్టానికి) తొడిగాక వాల్వును దూర్చాలా, లేక వాల్వును పెట్టి దాని మీదుగా సీలును దించాలా? స్ప్రింగులకు ఒక కొసన చుట్లు దగ్గరగానూ, రెండో కొసన ఎడంగానూ ఉన్నాయి. ఏ కొస కిందికి రావాలి?

సమాధానం 1:
రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. అయితే అన్నిటికన్నా ముందు స్ప్రింగు కింది వాషరు వేయండి; చాలా ఇంజన్లలో సీలు తొడిగాక ఆ వాషరు దిగదు, అప్పుడు కొత్త సీలును పీకి పారేయవలసి వస్తుంది. వాల్వు కాడకు లాకులు (స్ప్రింగును కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటుంది కనుక, అది సీలు లోపలి అంచును గీరకుండా చూడటమే ఇందులో అసలు జాగ్రత్త. అందుకే కాడకు ఇంజనాయిల్ రాసి వాల్వును ముందు పెట్టి, కొసకు సన్నని ప్లాస్టిక్ తొడుగు వేసి, దాని మీదుగా సీలును దించడమే మేలని నా అభిప్రాయం. సీలును సరిపోయే గొట్టంతో నిటారుగా నొక్కండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీళ్లు వేరువేరుగా ఉండవచ్చు, మాన్యువల్ చూసుకోండి.

సమాధానం 2:
దగ్గరి చుట్లున్న కొస హెడ్ వైపే ఉండాలి; వాల్వుతో పాటు కదిలే బరువు తగ్గుతుంది. కంప్రెసరుతో స్ప్రింగును గాడి కనబడేంత వరకే నొక్కి, లాకులకు కాస్త గ్రీజు పూస్తే జారకుండా నిలుస్తాయి. మెల్లగా వదిలాక, హెడ్‌ను కింద చెక్కలపై ఎత్తి, కళ్లద్దాలు పెట్టుకుని, కాడ కొసన ప్లాస్టిక్ సుత్తితో తేలికగా తట్టండి. సరిగా కూర్చోని లాకు ఉంటే ఇప్పుడే ఎగిరిపోతుంది. ఇంజను నడుస్తుండగా ఊడితే వాల్వు పిస్టన్ మీద పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. దహన గదుల్లో కిరోసిన్ పోసి, పోర్టుల్లోకి చెమ్మ రాకపోతే పని పూర్తయినట్టేనా?

సమాధానం 3:
స్పార్క్ ప్లగ్గులు బిగించి చేసే ఆ పరీక్ష వాల్వు సీటుకు ఆనుతున్నదా లేదా అన్నది మాత్రమే చెబుతుంది, కాడ ఎత్తు సంగతి చెప్పదు. లాపింగ్‌తో పెద్దగా తేడా రాదు గాని, సీటును కోయించి ఉంటే వాల్వు లోపలికి దిగి కాడ కొస పైకి వస్తుంది. దానితో స్ప్రింగు బిగువు తగ్గుతుంది కనుక దాని కింద షిమ్ (పలుచని వాషరు) వేయవలసి రావచ్చు. ట్యాపెట్ సందు (క్యామ్‌కూ వాల్వును నొక్కే భాగాలకూ మధ్య ఉండే ఖాళీ) కూడా తగ్గుతుంది. సందు మరీ తక్కువైతే వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకునే ఎగ్జాస్ట్ వాల్వు అలా కాలిపోతుంది. కాబట్టి క్యామ్‌షాఫ్ట్ బిగించాక, మీ ఇంజనుకు హైడ్రాలిక్ ట్యాపెట్లు (సందును తామే సర్దుకునేవి) లేకపోతే, ప్రతి సందునూ ఫీలర్ గేజితో కొలిచి మాన్యువల్‌లోని అంకెతో సరిచూడండి.