కాంబ్రియన్ పెట్రోల్‌లో గోల్డ్ అంటే ఫస్ట్ వచ్చినట్టేనా? మార్కులు ఎక్కడ పోతాయి?

కొండదారి:
2021 అక్టోబరులో వేల్స్‌లోని బ్రెకన్ ప్రాంతంలో జరిగిన, బ్రిటన్ సైన్యం పెట్టే గస్తీ పోటీ అయిన కాంబ్రియన్ పెట్రోల్‌లో మన ఆర్మీ 4/5 గోర్ఖా రైఫిల్స్ (ఐదో గోర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్) టీముకు గోల్డ్ వచ్చింది. ఆ ఏడాది మొత్తం 96 టీములు, అందులో 17 విదేశీ టీములు. అంటే 96 టీముల్లో మనవాళ్లు ఫస్టా? గోల్డ్ ఇంకా కొందరికి కూడా ఇచ్చారని చదివాక అయోమయంగా ఉంది.

ఇంకో విషయం. ఎన్‌సీసీ కేడెట్లకు ఒక రాత్రి, 12 కిలోమీటర్లు, ఆయుధాలు లేకుండా ఇలాంటి పోటీ ఒకటి తయారుచేయాలి. ఏ స్టాండ్లు (దారిలో ఆపి పరీక్ష పెట్టే చోట్లు) పెట్టాలి? టీములు మామూలుగా ఎక్కడ దెబ్బతింటాయి?

గ్రిడ్‌నార్త్:
ఫస్ట్, సెకండ్ అనే లెక్కే అక్కడ లేదండీ. ఇది పరుగు పందెం కాదు, పరీక్ష లాంటిది. 75 శాతం, ఆపైన వస్తే గోల్డ్. 65 నుంచి 74 దాకా సిల్వర్, 55 నుంచి 64 దాకా బ్రాంజ్. అంతకన్నా తక్కువైనా పెట్రోల్ పూర్తిచేస్తే సర్టిఫికెట్. ఎన్ని టీములు ఆ గీత దాటితే అన్నిటికీ గోల్డ్. ఆ ఏడాది ఆరో విడత అయ్యేసరికి విదేశీ టీముల్లో మూడింటికే గోల్డ్ దక్కింది, కాబట్టి మనవాళ్ల మెడల్ విలువ ఏమాత్రం తక్కువ కాదు. జడ్జీలు ముఖ్యంగా మెచ్చుకున్నవి వాళ్ల నావిగేషన్, పెట్రోల్ ఆర్డర్లు ఇచ్చిన తీరు, ఓర్పు.

టీముకు ఎనిమిది మంది. 48 గంటల్లోపు సుమారు 60 కిలోమీటర్లు, వీపున పూర్తి సామానుతో. నిర్వహించేది బ్రెకన్‌లో ఉన్న 160వ వెల్ష్ బ్రిగేడ్. నడక ఒక్కటే అయితే గట్టి బెటాలియన్లన్నీ పూర్తిచేస్తాయి. నడిచి నడిచి, తడిసి, నిద్ర లేకుండా స్టాండు దగ్గరికి చేరినప్పుడు బుర్ర పనిచేస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

మొదటి దెబ్బ బయలుదేరకముందే తగులుతుంది. కిట్ లిస్టు పట్టుకుని ఒక్కో వస్తువూ చూస్తారు, లేనిదానికి మార్కులు కోస్తారు. మీరూ అక్కడే మొదలుపెట్టండి: విజిల్, టార్చి, అదనపు సెల్స్, రెండు జతల సాక్సులు. ప్రతి కేడెట్‌కీ అదే లిస్టు.

రెండోది ఆర్డర్లు. నేలమీద శాండ్ మోడల్ (వెళ్లాల్సిన ప్రాంతాన్ని చిన్నగా చూపే మట్టి నమూనా) వేసి లీడర్ ప్లాన్ చెప్పాలి. చాలామంది చేసే తప్పు ఏంటంటే, మోడల్‌లో ఉత్తరం ఒకవైపు, నిజం ఉత్తరం ఇంకోవైపు. వినేవాడు ప్రతి మాటకీ తలలో మోడల్‌ని తిప్పుకోవాలి. కంపాస్ పెట్టి మోడల్‌ని సరిగ్గా తిప్పి, మ్యాప్ గ్రిడ్ గీతలకు సరిపడా దారాలు కట్టండి. అయ్యాక జడ్జి లీడర్‌ని వదిలేసి, టీములో అందరికన్నా చిన్న కేడెట్‌ని అడగాలి: "లీడర్ పడిపోతే నువ్వేం చేస్తావు?" ఆ జవాబుకే మార్కులు.

అడుగులలెక్క:
రాత్రి నావిగేషన్ గురించి నేను చెప్తాను. కంపాస్‌లో 5 డిగ్రీలు తప్పితే కిలోమీటరుకు దాదాపు 87 మీటర్లు పక్కకి పోతారు. 3 కిలోమీటర్లు వెళ్లేసరికి పావు కిలోమీటరు పైనే. కేడెట్లలో ఈ తప్పుకు మొదటి కారణం ఛాతీ జేబులో మొబైల్. కంపాస్‌ని ఆ జేబు ముందే పట్టుకుని చూస్తారు, ముల్లు పక్కకి లాగుతుంది.

దూరం అడుగులతో కొలవాలి. ఎడమకాలు పడినప్పుడే లెక్కపెడితే మామూలు నేలమీద 100 మీటర్లకు 60-65 వస్తుంది. బరువుతో, చీకట్లో, గడ్డి దుబ్బుల్లో అది 75 కూడా దాటుతుంది. పగలు ఖాళీ చేతులతో తీసిన లెక్క రాత్రికి పనికిరాదు, పోటీకి ముందే బ్యాగు వేసుకుని చీకట్లో కొలిపించండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి.

టైముకి పాత సూత్రమే మంచిది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 10 నిమిషాలు అదనం. 3 కిలోమీటర్లు, 200 మీటర్ల ఎక్కుడు అంటే 56 నిమిషాలు. బరువుతో రాత్రిపూట దానికి ఒకటిన్నర రెట్లు వేయండి. ఈ లెక్క లేకుండా కటాఫ్ పెడితే పిల్లలు రాళ్లమీద పరిగెత్తి కాళ్లు విరగ్గొట్టుకుంటారు.

కొండదారి:
చాలా థ్యాంక్స్ అండీ. నీళ్లు దాటే స్టాండు పెట్టొచ్చా? ఫస్ట్ ఎయిడ్‌లో ఏం చూడాలి?

స్ట్రెచర్‌పార్టీ:
శిక్షణ పొందిన రక్షకులు, తాళ్లు, పడవ లేకుండా కేడెట్లను రాత్రిపూట నీళ్లలోకి దించొద్దు. దయచేసి ఈ ఒక్క విషయంలో రాజీపడకండి. వేల్స్‌లో ఆ స్టాండు చూసేది ముఖ్యంగా దాటాక ఒడ్డున పొడిబట్టలు ఉన్నాయా అని. అక్టోబరు గాలికి తడిబట్టలతో ఉన్న మనిషి అరగంటలో వణుకుతూ పనికిరాకుండా పోతాడు. మీరు ఆ సగం పరీక్షే పెట్టండి. ప్రతి బ్యాగులో, ప్లాస్టిక్ లైనర్ (సామాను తడవకుండా బ్యాగు లోపల వేసే కవరు) లోపల ఒక న్యూస్‌పేపర్ షీటు పెట్టించి, బ్యాగుని నీళ్ల తొట్టిలో 10 నిమిషాలు ముంచండి. తీశాక పేపరు తడిస్తే మార్కులు పోయినట్టే. దాదాపు ఎప్పుడూ లైనర్ మూతి దగ్గరే కారుతుంది. గాలి పూర్తిగా తీయకుండా మూతిని మెలితిప్పి, మడిచి, ఆ మడత మీద కట్టాలి. ఊరికే ముడేస్తే ఆగదు.

ఫస్ట్ ఎయిడ్‌లో పిల్లలు కట్టు బాగానే కడతారు. మర్చిపోయేది పేషెంటు కింద ఏదైనా పరచడం. పైన రెండు దుప్పట్లు కప్పినా, చల్లని నేల వీపులోంచి వేడి లాగేస్తూనే ఉంటుంది. ఇంకోటి, అప్పగించేటప్పుడు వరస తప్పుతారు. ఎప్పుడు, ఎలా తగిలింది, దెబ్బలేంటి, నాడి-శ్వాస ఎలా ఉన్నాయి, ఏం చేశాం: ఈ ఐదూ అర నిమిషంలో చెప్పాలి. తర్వాత స్ట్రెచర్ మీద 300 మీటర్లు మోయించండి. ఎనిమిది మందిలో ఒకడు పేషెంటు, నలుగురు మోతకు, మిగిలింది ముగ్గురు. పేషెంటు బ్యాగు, మోసేవాళ్ల బ్యాగులు ఎవరు తెస్తారో ముందే తేల్చుకోని టీము అక్కడే చతికిలబడుతుంది.

గ్రిడ్‌నార్త్:
సైనిక వాహనాలు గుర్తుపట్టే స్టాండు కూడా పెట్టండి, ఖర్చు లేదు. ఫోటోల్లో చక్రాలు లెక్కపెట్టమనండి: టీ-72 ట్యాంకుకి ఒక్కో పక్క ఆరు, లెపర్డ్-2 ట్యాంకుకి ఏడు. సైనికుల్ని మోసే కవచ వాహనాలు బీఎంపీ-1, బీఎంపీ-2 రెండిటికీ ఆరే, అక్కడ ఫిరంగి గొట్టం చూడాలి. పొట్టిగా లావుగా ఉంటే 1, పొడవుగా సన్నగా ఉంటే 2. ఈ రెండోదాన్నే మన మెదక్ ఫ్యాక్టరీలో, ఎద్దుమైలారంలో, 'శరత్' పేరుతో తయారుచేశారు. పిల్లలకు ఆ మాట చెబితే ఇక మర్చిపోరు.

ఈ ఫోటోలు మొదట్లో పెట్టకండి. పదో కిలోమీటరు దగ్గర, ఒక్కో ఫోటో 10 సెకన్లు. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తోనే రాయించండి, తడిస్తే పెన్ను పాకిపోతుంది.