అప్‌డేట్: అయాన్ ట్రాప్‌లో 77తో పాటు వచ్చిన 95 శిఖరానికి కారణం తేలింది

మాస్ స్పెక్ట్రోమీటరులో అయాన్లను పట్టి ఉంచే భాగమైన అయాన్ ట్రాప్‌లో బెంజాయిల్ అయాన్‌ను (ఎం/జెడ్, అంటే ద్రవ్యమానానికీ ఆవేశానికీ ఉన్న నిష్పత్తి, 105) విడగొడితే, రావలసిన 77తో పాటు నమూనా నిర్మాణానికి పొసగని 95 శిఖరం ఎందుకు కనిపిస్తోందని ఇదివరకు అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

77ను వేరుచేసి, అయాన్లను విడగొట్టేందుకు ఇచ్చే ఉత్తేజక వోల్టేజీ ఏమీ లేకుండా ట్రాప్‌లో ఎక్కువసేపు నిలిపి చూడమన్న సూచనే ఫలించింది. నిలిపే కాలం పెంచినకొద్దీ 77 తగ్గుతూ 95 పెరిగింది. అంటే 77 అయిన ఫినైల్ అయాన్, ట్రాప్‌లోకి పంపే హీలియం వాయువులో కలిసి ఉన్న నీటి ఆవిరితో చర్య జరిపి, 18 ద్రవ్యమానాన్ని అదనంగా కలుపుకొని, ప్రోటాన్ చేరిన ఫినాల్‌గా మారుతోంది. మామూలు నీటి కన్నా 2 ద్రవ్యమానం ఎక్కువున్న భారజలపు (ద్రవ్యమానం 20) ఆవిరిని పంపినప్పుడు శిఖరం 97కు జరగడంతో సందేహం పూర్తిగా తీరింది. తక్కువ శక్తి అభిఘాతాల్లో (అణువులు ఢీకొనడంలో) ఇది వింతేమీ కాదు: అయాన్ ఆవేశం ధ్రువ అణువైన నీటిని దూరం నుంచే ఆకర్షిస్తుంది, పైగా అయాన్ ఎంత నెమ్మదిగా కదిలితే నీటి అణువు దానికి చిక్కే అవకాశం అంత ఎక్కువ.

హీలియం లైనులోని తేమ ఫిల్టరు పనికిరాకుండా పోయిందని సర్వీస్ ఇంజనీరు గుర్తించారు. దాన్ని మార్చాక 95 బాగా తగ్గింది. గోడలకు అంటిన నీటి వల్ల కొద్దిగా మిగిలే ఉంది. క్యాలిబ్రేషన్‌కు, నమూనా శుద్ధతకు దీనితో సంబంధం లేదు. సాల్వెంట్ మార్చడం వృథా ఖర్చే.